ఇంటి దగ్గర కారు పాలిష్‌కు 15 ఎంఎం డీఏ మెషిన్: రెండేళ్ల వాడకం తర్వాత

నా కారు బానెట్ ఎడమ అంచున, హెడ్‌లైటుకు కాస్త పైన, బొటనవేలి గోరంత మేర రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. అది ఎండకు వెలిసింది కాదు, నా చేతులతో నేనే అరగదీసింది. ఈ సమీక్ష రెండేళ్ల క్రితం కొన్న డ్యూయల్ యాక్షన్ (డీఏ) పాలిషింగ్ మెషిన్ గురించే అయినా, ఆ మచ్చ సంగతి చెప్పకుండా మొదలుపెడితే ఈ మెషిన్‌ను నేను ఎందుకు కొన్నానో, దేనికి మెచ్చుకుంటున్నానో చదివేవారికి సరిగ్గా అర్థం కాదు.

మేము ఉండేది కంచరపాలెంలో, రైల్వే పట్టాలకు దగ్గరగా. కారు ముదురు నీలం. విశాఖలో ముదురు రంగు కారును మెరుపు తగ్గకుండా చూసుకోవడం కష్టమని ఇక్కడ కారున్న ప్రతివారికీ తెలుసు. ఒకవైపు సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలి, మరోవైపు పోర్టు వైపు నుంచి కొట్టుకొచ్చే బొగ్గు పొడి, వీటికి తోడు రైళ్లు బ్రేకు వేసినప్పుడు లేచే సన్నని ఇనుప రజను. రాత్రి కడిగి నిలబెట్టిన కారు మీద పొద్దున్నే వేలు పెట్టి గీస్తే వేలు నల్లబడుతుంది. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమేనని నేను గ్రహించేసరికి నాలుగేళ్లు గడిచాయి. అప్పటికే ఎండలో నిలబెడితే చాలు, బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులాంటి గీతలు కనిపించేవి. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకూ పోయే వేలాది సన్నని గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరవడం వల్ల కంటికి గుండ్రంగా కనిపిస్తాయి.

మొదట వాటర్ సర్వీసింగ్ చేసే ఒక చోట పాలిష్ చేయించాను. సాయంత్రం కారు తీసుకున్నప్పుడు అద్దంలా ఉంది. మూడో వారం రెండుసార్లు షాంపూతో కడిగిన తర్వాత పాత గీతలన్నీ తిరిగి వచ్చాయి, వాటితో పాటు ఎండలో తెరలు తెరలుగా కదిలే కొత్త చారలు కూడా కనిపించాయి. గీతలు పోలేదని, మైనం, నూనె వాటిలో నిండి కాసేపు కనిపించకుండా పోయాయని, ఆ చారలు రోటరీ మెషిన్ వదిలిన హోలోగ్రామ్‌లని తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు చేసిన తప్పు ఏమిటంటే, వాళ్లు సరిగ్గా చేయలేదు కాబట్టి అదే రోటరీతో నేనే జాగ్రత్తగా చేసుకుంటాననుకోవడం. తెలిసినవాళ్ల దగ్గర ఒక రోటరీ అడిగి తెచ్చుకుని, ఉన్ని ప్యాడ్ తగిలించి, ఘాటైన కాంపౌండ్ (ఎక్కువగా అరగదీసే ముతక పాలిష్) వేసి బానెట్ మీద పెట్టాను. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, ఎంత నొక్కినా ఆగదు, ఒకే చోట నిలిపితే వేడి అక్కడే పోగవుతుంది. ప్యాడ్ మైదానంలాంటి చోటు నుంచి అంచు మీదికి జారిన ఆ రెండు మూడు సెకన్లలోనే, తెల్లటి కాంపౌండ్ మధ్య నుంచి నీలం రంగు పొడి ప్యాడ్‌కు అంటుకోవడం చూశాను. మెషిన్ ఆపేసరికి జరగవలసింది జరిగిపోయింది.

టింకరింగ్ షాపులో పెయింటింగ్ చేసే పెద్దాయనకు చూపిస్తే వేలితో అంచును తడిమి, "బాబూ, ఇది రుద్దితే వచ్చేది కాదు. పైపొర పోయి రంగు బయటపడిపోయింది. ఈ ముక్క ఒక్కటీ వేస్తే అతుకు కనబడిపోద్ది, బానెట్టు మొత్తం వెయ్యాల" అన్నారు. ఫ్యాక్టరీలో వేసిన రంగును మొత్తం గీకించి మళ్లీ వేయించడానికి నా మనసు ఒప్పుకోలేదు. మచ్చను అలాగే ఉంచేశాను.

కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పైపొరను క్లియర్ కోట్ అంటారు. అది సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అంటే మన తల వెంట్రుక కంటే పలచన. పాలిష్ అంటే ఆ పొరలో కొంత భాగాన్ని గీత లోతు వరకు సమంగా అరగదీయడమే తప్ప గీతను పూడ్చడం కాదు. ఎండలోని అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి కనుక, ఇవాళ మెరుపు కోసం ఎక్కువగా తీసేస్తే కొన్నేళ్ల తర్వాత రంగు పొలుసులు లేవడం ద్వారా దానికి బదులు చెల్లించవలసి వస్తుంది. అంచుల దగ్గర, బాడీ మీద మడతలు తిరిగిన గీతల దగ్గర ఆ పొర ఇంకా పలచగా ఉంటుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే రోటరీ ముట్టుకునేవాణ్ణి కాదు.

తర్వాత కొన్న ఈ డీఏ మెషిన్ పూర్ణా మార్కెట్ దగ్గర పనిముట్ల దుకాణంలో 8,500 రూపాయలకు దొరికింది. 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ ఊగే వలయం వెడల్పు), ప్యాడ్ అంటించే 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్, ఆరు స్పీడ్‌లు. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇరుసుకు కాస్త పక్కగా మరో చిన్న వలయంలో ఊగుతుంది. తన చుట్టూ తాను తిరగడం బలవంతంగా జరిగేది కాదు, స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎక్కువగా నొక్కితే, లేదా ప్యాడ్ వంపు మీద ఒరిగితే తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే పెద్ద రక్ష. పొరపాటు చేసినప్పుడు రోటరీ కోస్తుంది, డీఏ కోయడం ఆపేస్తుంది. అందుకని దీనితో రంగు కాల్చడం అసాధ్యమని కాదు, చాలా ఆలస్యంగా జరుగుతుంది, ఆలోపు చెయ్యి వెనక్కి తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ప్యాడ్ తిరుగుతోందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. బ్యాకింగ్ ప్లేట్ పక్క అంచు మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక నిలువు గీత గీశాను. మెషిన్ నడుస్తున్నప్పుడు ఆ గీత మెల్లగా తిరుగుతూ కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఒకే చోట వణుకుతూ నిలబడితే నేను ఎక్కువ నొక్కుతున్నట్టు, లేదా ప్యాడ్‌ను ఒక పక్కకు వంచుతున్నట్టు. ఈ రెండేళ్లలో నాకు పాఠం చెప్పింది ఎక్కువగా ఆ తెల్ల గీతే. మొదటి రోజు తలుపు మీద పని చేస్తున్నప్పుడు అది పదేపదే ఆగిపోవడం చూసి మెషిన్‌లో లోపం ఉందనుకున్నాను. నా మణికట్టు వంకరగా ఉండడమే కారణం. చతికిలబడి కూర్చుని, మెషిన్‌ను రెండు చేతులతో తలుపుకు సమాంతరంగా పట్టుకోగానే గీత కదలడం మొదలైంది.

మెషిన్ లోపాలు కూడా చెప్పాలి. దానితో పాటు ఇచ్చిన రెండు ఫోమ్ ప్యాడ్‌లు పనికిరావు. మూడో వాడకానికే ఒకదాని వెల్క్రో ఊడిపోయింది, రెండోది వేడికి మెత్తబడి అంచు నలిగిపోయింది. విడిగా మంచి ప్యాడ్‌లు కనీసం ఆరు కొనుక్కోవాలి, వాటి ఖర్చును మెషిన్ ధరలో కలుపుకునే బడ్జెట్ వేసుకోవాలి. కరెంటు తీగ పొట్టిగా ఉంది, ఎక్స్‌టెన్షన్ బోర్డు లేకుండా కారు అవతలి పక్కకు చేరదు. తీగ బానెట్ మీద రాసుకోకుండా భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. నాలుగో స్పీడ్ దాటితే వణుకు ఎక్కువగా ఉంటుంది, గంట పనికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. 15 మిల్లీమీటర్ల త్రో బానెట్, రూఫ్ లాంటి వెడల్పు చోట్ల పనిని తొందరగా ముగిస్తుంది కానీ, అద్దాల కింద, హ్యాండిళ్ల చుట్టూ ఇరుకు చోట్లకు 3 అంగుళాల చిన్న ప్లేట్ ఉన్న మెషిన్ అయితేనే బాగుంటుంది. నేను ఆ చోట్లను చేత్తో చేస్తున్నాను.

ఈ మెషిన్‌తో నేను చేసిన తప్పులన్నీ దాని మీట నొక్కకముందే జరిగినవి కావడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. మొదటిది, మే నెలలో వీధిలో ఎండన పెట్టి చేయడం. వేడెక్కిన రేకు మీద పాలిష్ వేసిన నిమిషంలోనే ఆరిపోయి అట్టకట్టింది, దాన్ని తుడవడానికి రుద్దిన గుడ్డ కొత్త గీతలు పెట్టింది. ఇప్పుడు డిసెంబరు, జనవరి ఆదివారాలు తప్ప మరో రోజున మొత్తం కారు చేయను, అదీ తెల్లవారి ఆరున్నరకు మొదలుపెట్టి పదిలోపు ఆపేస్తాను. రెండోది, సెల్లార్‌లో ట్యూబ్‌లైటు వెలుతురులో చేయడం. వ్యాపించిన వెలుతురు గీతలను దాచేస్తుంది. ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చిని పక్కనుంచి పట్టుకుంటేనే నిజం కనిపిస్తుంది. మూడోది, ఒకే ప్యాడ్‌తో కారంతా చేయాలనుకోవడం. అరిగిన రంగు, ఆరిన పాలిష్ ప్యాడ్ రంధ్రాల్లో నిండిపోతే అది మెరుగుపెట్టడం మాని గీకడం మొదలుపెడుతుంది. ప్రతి భాగం తర్వాత ప్యాడ్‌ను గట్టి బ్రష్‌తో దులపాలి, రెండు ప్యానెళ్లకొకసారి మార్చాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు, షాంపూతో కడిగితే కారు శుభ్రమైనట్టేనని నమ్మడం. ఒకరోజు చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కడిగి ఆరిన రూఫ్ మీద వేళ్లు మెల్లగా జరిపి చూశాను. కంటికి నున్నగా ఉన్న రంగు కవరు కింద ఇసుక చల్లినట్టు గరగరలాడింది. అది రంగులో కూరుకుపోయిన ఇనుప రజను, తారు, బొగ్గు రేణువుల గరుకు. అంతకుముందు నేను ఆ రేణువులను ప్యాడ్ కిందే తిప్పి తిప్పి కారంతా పూశాను. ఇప్పుడు రెండు బకెట్లతో (ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి) కడిగిన తర్వాత, నీడలో ఇనుప రజనును కరిగించే ఐరన్ రిమూవర్ ద్రవం చల్లుతాను. కొన్ని నిమిషాల్లో చక్రాల మీద, వెనుక డిక్కీ తలుపు కింది భాగాన నేరేడుపండు రంగు చారలు కారతాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆరనివ్వకుండా కడిగేసి, తడి ఉండగానే క్లే బార్ (కూరుకుపోయిన రేణువులను లాగేసే బంకమట్టిలాంటి ముద్ద) పడతాను. క్లే ముక్క నేల మీద పడితే ఎంత కొత్తదైనా పారేయవలసిందే, దానికి అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు. క్లే కూడా సన్నని గీతలు పెడుతుంది కనుక పాలిష్ చేసే ఉద్దేశం లేనప్పుడు దాని జోలికి పోను. కంచరపాలెం, జ్ఞానాపురం లాంటి చోట్ల ఉండేవారికి మెషిన్ కంటే ముందు ఐరన్ రిమూవర్, క్లే బార్ కొనమని చెబుతాను.

ఆ తర్వాత ప్లాస్టిక్ భాగాలకు, అంచులకు, నంబరు ప్లేటుకు మాస్కింగ్ టేపు వేయాలి. నల్లని ప్లాస్టిక్ మీద పాలిష్ పడి ఆరితే తెల్లటి మరకలు పట్టి ఎంత తోమినా పోవు. టేపు వేసే ఓపిక లేక వదిలేసిన వైపర్ల కింది ప్లాస్టిక్ మీద నాకు అవి నేటికీ ఉన్నాయి. తర్వాత బానెట్ మధ్యలో మోచేతి పొడవున్న చదరం ఒకటి ఎంచుకుని, అన్నిటికంటే మెత్తని ప్యాడ్, అన్నిటికంటే తేలికైన పాలిష్‌తో ప్రయత్నించి చూస్తాను. నేను వాడేది మెగ్వయర్స్ ఎం205, చివరి మెరుగుకు ఉద్దేశించిన పాలిష్. శనగగింజంత చుక్కలు నాలుగు పెట్టి, మొదటి స్పీడ్‌లో పరచి, నాలుగో స్పీడ్‌లో సెకనుకు అంగుళం చొప్పున, మెషిన్ సొంత బరువుకు కాస్త ఎక్కువ ఒత్తిడితో నిలువునా అడ్డంగా నాలుగుసార్లు తిప్పుతాను. తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో పలచగా కలిపి పిచికారీ చేసి, మిగిలిన నూనెను తీసేసి టార్చితో చూస్తాను. మొదటిసారి ఇలా తుడిచినప్పుడు పోయాయనుకున్న గీతల్లో సగం మళ్లీ బయటపడ్డాయి. బాధనిపించినా, అది నిజమైన ఫలితం. తేలిక పాలిష్‌తో చాలకపోతేనే కాంపౌండ్ వైపు వెళ్లాలి.

పాత కార్లు కొని అమ్మే మా బావగారి దగ్గర ఉన్న పెయింట్ మందం మీటరుతో నా కారును కొలిచాం. బానెట్ మీద 110 మైక్రాన్లకు అటూ ఇటూ చూపించింది, ఒకసారి గీసుకుపోయి మళ్లీ రంగు వేయించిన ఎడమ వెనుక తలుపు మీద 240 దాటింది. మీటరు చెప్పేది అడుగు పొర నుంచి పైదాకా మొత్తం మందమే తప్ప క్లియర్ కోట్ ఎంత ఉందో కాదు, ప్లాస్టిక్ బంపర్ల మీద అది పనిచేయదు కూడా. బంపర్‌కు రేకులా వేడిని బయటకు పంపే గుణం లేదు కనుక అక్కడ స్పీడ్ తగ్గించి, మధ్య మధ్య చేత్తో తాకి చూస్తూ చేస్తాను. చెయ్యి పెట్టలేనంత వేడి తగిలితే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఈ మెషిన్‌ను ఇంటి దగ్గర సొంత కారుకు, ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వాడనివారు నిశ్చింతగా కొనవచ్చు. రెండేళ్లలో మోటారు ఇబ్బంది పెట్టలేదు, కార్బన్ బ్రష్‌లు ఒక్కసారి మార్పించాను, బ్యాకింగ్ ప్లేట్ బిగించే మర (థ్రెడ్) మామూలుదే కనుక ప్లేట్ విడిగా దొరుకుతుంది. రోజూ కార్లు చేసి సంపాదించుకునేవారికి మాత్రం వణుకు తక్కువ ఉన్నదే కావాలి. గోటికి తగిలేంత లోతున్న గీతలను ఇది తీయదు, తీయించడానికి ప్రయత్నించకూడదు కూడా. నా కారు కుడి తలుపు మీద అలాంటివి మూడున్నాయి, వాటి చుట్టూ ఉన్న సన్నని గీతలు పోవడంతో అవి ముందుకంటే స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొన్న సంక్రాంతికి ముందు ఆదివారం బానెట్ చేసినప్పుడు కూడా ఆ ఎడమ అంచుకు రెండు వేళ్ల వెడల్పున టేపు వేసి వదిలేశాను. చివర్లో టేపు తీసి, ఆ కొద్ది మేరకు చేత్తో మైనం పూశాను.