నాలుగు విజిట్లు అయిపోయాక

మా పాప ఇంటికొచ్చి ఏడేళ్ళు దాటింది. దత్తతకి ఎలా అప్లై చేయాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. తీరా తెచ్చుకున్నాక ఎవరు ఏం సాయం చేస్తారు, అది ఎంతవరకు పనికొస్తుంది అన్నది మాత్రం అప్పట్లో నాకు ఎక్కడా దొరకలేదు. అందుకే నేనే రాస్తున్నాను. "మిక్సీకి రివ్యూ రాసినట్టు పిల్ల గురించి రాస్తావా?" అని మా ఆయన ఆటపట్టించారు. పిల్లకి రివ్యూ రాసేంత ధైర్యం నాకు లేదు, అది చదివితే ఊరుకోదు. రాసేది మాకు అందిన సేవల గురించి.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో. ఉత్తరాంధ్రలో ఒక చిన్న టౌను మాది. 2017లో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ కేరింగ్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకునేటప్పటికి ఆయనకి 47, నాకు 44. కలిపితే 91. అప్పటి నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 90 దాటకూడదు. ఆ ఒక్క ఏడాదితో మేము 4 నుంచి 8 ఏళ్ళ పిల్లల వరసలో పడ్డాం. ఆ రోజు ఏడ్చిన మాట నిజం. పధ్నాలుగు నెలలకి మెసేజ్ వచ్చింది. ఒడిశాలో ఒక దత్తత ఏజెన్సీలో పాప, నాలుగున్నరేళ్ళు దాటాయి, ఒప్పుకోవడానికి 48 గంటల టైము. ఫొటోలో కుడి చేత్తో ఎడమ చెవి పట్టుకుని నిలబడి ఉంది. అరగంటలో ఓకే కొట్టేశాం.

2018 నవంబరులో రైల్లో తెచ్చుకున్నాం. దత్తత ఆర్డరు ఆ తర్వాత కొన్ని నెలలకి వచ్చింది. అప్పట్లో కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు ఇస్తున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలుసుకుని ఉంటే మేం ఇంకాస్త సిద్ధంగా వెళ్ళేవాళ్ళం. మా ఇల్లు చూసి హోమ్ స్టడీ రాసింది మా వైపు ఏజెన్సీ. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి వచ్చి రిపోర్టు రాసేదీ నిబంధనల ప్రకారం వాళ్ళే. పాపని సాకిందేమో ఒడిశా ఏజెన్సీ. పాప ఎప్పుడు భయపడుతుందో, ఏ పాటకి నిద్రపోతుందో తెలిసినవాళ్ళు అక్కడ, పాప ఎలా ఉందని అడిగేవాళ్ళు ఇక్కడ. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు. మాకు చేతికొచ్చింది ఒక చైల్డ్ స్టడీ రిపోర్టు, ఒక మెడికల్ రిపోర్టు. "యాక్టివ్ చైల్డ్, లైక్స్ టు ప్లే" అని రెండు లైన్లు. ఏ పిల్ల ఆడుకోదు?

మొదటి వారం అసలు కష్టం భాష. "భోక లాగుచి, భోక లాగుచి" అని ఏడ్చేది. ఆకలేస్తోందట. రెండో రోజు ఎదురింటి ఒడియా ఆవిడ చెప్పేదాకా మాకు తెలీదు. ఇడ్లీ పెడితే తోసేసి "పఖాళ" అనేది. అదేం పిండివంటో అని నేను ఫోన్‌లో వెతుకుతుంటే, ఆవిడ నవ్వి, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచుతాం కదా అదే అంది. మా అత్తగారు నుదురు కొట్టుకుని, "ఓసి నా తల్లీ, ఇది మన తరవాణే కదే!" అని మర్నాడు పొద్దున్నే ఉల్లిపాయ నంజుకి పెట్టి గిన్నెడు అన్నం కలిపి పెట్టారు. పాప గిన్నె అడుగు నాకేసింది. ఆ రోజు నుంచి మామ్మా మనవరాలూ ఒక జట్టు. ఈ ఒక్క మాట, పాప పొద్దున్న ఏం తింటుందన్నది, ఆ రిపోర్టులో రాసి ఉంటే మాకు రెండు రోజుల ఏడుపు తప్పేది.

ఇక విజిట్లు. ఖర్చు ముందు చెప్తాను. 2017 నిబంధనల లెక్కలో రిజిస్ట్రేషన్, హోమ్ స్టడీకి కలిపి 6,000, చైల్డ్ కేర్ కార్పస్‌కి, అంటే ఏజెన్సీ పిల్లల సంరక్షణ నిధికి 40,000, ఒక్కో ఫాలో-అప్ విజిట్‌కి 2,000. మొదటి విజిట్ బాగా జరిగింది. సోషల్ వర్కర్ గారు పెద్దావిడ, గంటన్నర కూర్చున్నారు. పాపతో నేల మీద కూర్చుని గవ్వలాడారు. నన్ను వంటింట్లోకి పిలిచి, "మీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు. ఆ ఆరు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కరే. రెండో విజిట్‌కి వేరే అమ్మాయి వచ్చింది. ఫారం నింపింది, ఫొటోలు తీసుకుంది, ఇరవై నిమిషాలు. మూడోది 2020 మేలో పడింది. లాక్‌డౌన్ కదా, వాట్సాప్ వీడియో కాల్‌లో అయిపోయింది. వాళ్ళని ఏమీ అనలేం. నాలుగోదానికి మళ్ళీ కొత్త మనిషి. "పాప బాగానే అడ్జస్ట్ అయింది కదా మేడమ్?" అని ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే మనం మాత్రం ఏమంటాం? అవునన్నాను. ఫైలు మూసేశారు.

ఆ "అవును" అబద్ధం. అప్పటికి ఇంట్లో చపాతీలు మాయమవుతున్నాయి. పరుపు కింద, స్కూలు బ్యాగు అరలో, ఒకసారి దేవుడి గూట్లో విగ్రహాల వెనక, ఎండి అట్టలా అయిపోయిన చపాతీలు, చీమలు పట్టిన బిస్కెట్లు దొరికేవి. తిట్టాను కూడా. "ఇంట్లో తిండికి తక్కువా నీకు?" అని. నేను అన్న మాటల్లో ఇప్పటికీ నన్ను గుచ్చేది ఇదే. నాలుగో విజిట్‌కి వచ్చిన ఆ మనిషితో ఇది చెప్పడానికి భయమేసింది. చెబితే రిపోర్టులో ఏం రాస్తారో, మావల్ల కాదని అనుకుంటారేమోనని. ఈ విజిట్ల అసలు లోపం ఇదే అని నా అభిప్రాయం. సాయం చేయాల్సిన మనిషే తనిఖీ చేసే మనిషి అయితే, తల్లి ఇల్లు సర్దుకుంటుంది, బాధ చెప్పుకోదు.

దారి చూపింది దత్తత తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు. ఎవరో విశాఖలో ఒక పిల్లల సైకాలజిస్టు పేరు చెప్పారు. సెషన్‌కి 800, ఆరుసార్లు వెళ్ళాం. మొదటిరోజే ఆవిడ చెప్పింది చాలా చిన్న సంగతి. పాపకి సొంతంగా ఒక డబ్బా కొనండి, అందులో తిండి ఎప్పుడూ ఉండాలి, అది ఖాళీ కాకుండా చూసే పని మీది, అందులోంచి ఎప్పుడు తిన్నా ఎందుకని అడగకండి. ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బా కొన్నాం. జంతికలు, వేరుశనగ ఉండలు, బిస్కెట్లు. మొదటి నెల రోజుకి పదిసార్లు మూత తీసి చూసేది, తినడానికి కాదు, ఉన్నాయో లేదో చూసుకోవడానికి. నాలుగు నెలలకి పరుపు కింద చపాతీలు ఆగిపోయాయి. ఒకసారి మా ఆడపడుచు పిల్లలు వస్తే అదే డబ్బా తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. పక్క గదిలోకి వెళ్ళి ముక్కు తుడుచుకుని వచ్చాను. ఇప్పుడు ఆ డబ్బాలో ఇయర్‌ఫోన్లు, హెయిర్ క్లిప్పులు ఉంటాయి.

ఈ సలహా మొదటి విజిట్‌లోనే ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. సంస్థల్లో పెరిగిన పిల్లలు తిండి దాచుకోవడం ఆ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయమేనట. అడిగితే ఆ సైకాలజిస్టే చెప్పింది.

ప్రభుత్వ సేవల్లో నేను పూర్తి మార్కులు వేసేది డీఈఐసీకి (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్). రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూసే కేంద్రం అది, పూర్తిగా ఉచితం. పాపకి మాటలు ఆలస్యమని, స్పీచ్ థెరపీ ఏడాది పడుతుందని ఒక ప్రైవేటు క్లినిక్‌లో భయపెట్టారు. డీఈఐసీలో థెరపిస్టు పాపతో అరగంట గడిపి, "పిల్లకి మాటలు లేకపోవడం కాదండీ, ఒక భాష వదిలేసింది, ఇంకోటి ఇంకా అందలేదు. రెండూ మాట్లాడనివ్వండి" అన్నారు. ఆర్నెల్లలో వాగుడు మొదలైంది, ఇప్పుడు ఆపడం కష్టం. అక్కడే రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.1 మాత్రమే అని తేలింది. మా చేతికిచ్చిన మెడికల్ రిపోర్టులో అంతా నార్మల్ అనే ఉంది. కాబట్టి తెచ్చుకున్న మొదటి నెలలోనే మీ అంతట మీరు అన్ని పరీక్షలూ చేయించండి.

సెలవు సంగతి ఒక్క లైనే. నాది ప్రైవేటు ఉద్యోగం. అప్పట్లో ప్రసూతి సెలవుల చట్టంలో దత్తత తల్లికి 12 వారాలు ఇచ్చింది మూడు నెలల లోపు బిడ్డని తెచ్చుకుంటేనే. కన్నవాళ్ళు అప్పగించిన బిడ్డకైతే, వాళ్ళు మనసు మార్చుకోవడానికే అరవై రోజుల పునరాలోచన గడువు ఉంటుంది, ఆ తర్వాత మిగతా తతంగం. మూడు నెలల్లోపు చేతికొచ్చే బిడ్డలు ఎందరుంటారో మీరే లెక్కేసుకోండి. నేను నా ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) పద్దెనిమిది వాడుకున్నాను.

స్కూలు అసలు లెక్కలోకే రాని చోటు. మూడో తరగతిలో "మా వంశవృక్షం" గీసుకు రమ్మన్నారు, పక్కన పాలు తాగే వయసు ఫొటో అంటించాలట. మా దగ్గర ఉన్న మొదటి ఫొటో చెవి పట్టుకుని నిలబడ్డదే. పాప అదే అంటించింది. టీచరు అందరి ముందూ "బేబీ ఫొటో లేదా?" అని అడిగింది. ఆ టీచరు చెడ్డదేం కాదు, ఎవరూ చెప్పలేదు అంతే. అదే ఏడాది టీవీలో ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి "దత్తపుత్రుడు" అని వెటకారం చేస్తుంటే, సభంతా ఈలలు. పాప రిమోట్ నా చేతికిచ్చి, "అమ్మా, అది తిట్టా?" అంది. ఏ కౌన్సెలరూ నన్ను దీనికి తయారు చేయలేదు. మా అత్తగారే అందుకుని, "తిట్టనుకునేవాళ్ళకి బుర్ర లేదమ్మా, కృష్ణుణ్ణి పెంచింది ఎవరు?" అన్నారు. అప్పటికి గండం గడిచింది.

పదేళ్ళు దాటాక కోపాలు వచ్చాయి. తలుపులు దబదబా వేసుకోవడం, "నువ్వు నా అసలు అమ్మవి కాదు" అనడం. ఒక రాత్రి పదకొండింటికి నేనే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడారు, ఉచితం, తొందర పెట్టలేదు. ఆ రాత్రికి నన్ను నిలబెట్టింది వాళ్ళే. ఏ హెల్ప్‌లైన్‌కైనా ఉండే పరిమితి దానికీ ఉంది. మనల్ని ఏళ్ళ తరబడి ఎరిగిన మనిషి అవతల ఉండరు. దత్తత ఇళ్ళకి కావలసింది అలాంటి మనిషే. 2025 జులైలో కారా, దత్తత ముందూ తర్వాతా కౌన్సెలింగ్‌ని బలపరచమని, అర్హత ఉన్న కౌన్సెలర్లని జిల్లా, రాష్ట్ర స్థాయిలో గుర్తించమని రాష్ట్రాలకి రాసింది. చదివి సంతోషించాను. కానీ నాలాంటివాళ్ళ ఫైళ్ళు ఎప్పుడో మూసేసి ఉన్నాయి. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగాయట. ఆ పిల్లల్లో చాలామందికి తలుపులు వేసుకునే వయసు ఈ రెండేళ్ళ గడువు దాటాకే వస్తుంది.

ఇప్పుడు పాపకి పన్నెండు. నన్ను కన్నది ఎవరు, ఎక్కడ దొరికాను అని అడుగుతోంది. నిబంధనల్లో దీనికి రూట్ సెర్చ్ అని పేరు. పద్దెనిమిది దాటితే పిల్లలే అడగొచ్చు, ఈలోగా అయితే తల్లిదండ్రులతో కలిసి అడగాలి, మూడో మనిషి అడగడానికి వీల్లేదు, కన్నవాళ్ళ గోప్యతకి భంగం రాకూడదు. ఈ కట్టుబాట్లతో నాకు పేచీ లేదు. 1999, 2001 ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండాల ఆడపిల్లల్ని కొని దత్తతలకి పంపిన కుంభకోణాలు పేపర్లలో చదివిన తరం మాది. కాగితం గట్టిగా ఉండటం పిల్లకే మంచిది. పాపా మేమూ కలిసి అర్జీ రాశాం. ఏ ఊళ్ళో, ఎలాంటి పరిస్థితిలో దొరికింది అన్నంతవరకు చెప్పమని. ఒడిశా ఏజెన్సీకి ఫోన్ చేస్తే, అప్పటి ఫైలు పాత బీరువాలో ఉంది, వెతకాలి అన్నారు.

పాప ఇంకొకటి కూడా అడిగింది. తనని పడుకోబెట్టే మౌసీ ఎలా ఉందని. మౌసీ అంటే అక్కడ పిల్లల్ని చూసుకునే ఆయా. రోజూ నీలం అంచు చీర కట్టుకునేదని పాపకి గుర్తు, ముఖం గుర్తు లేదు. ఆ అర్జీ గురించి మాట్లాడుతూ ఆమె గురించీ అడిగాను. ఆమె పని మానేసి చాలాకాలమైందట.

మీరు బిడ్డని తెచ్చుకోవడానికి వెళ్తుంటే, కొత్త బట్టలూ బొమ్మలూ సరే, ఒక నోట్‌బుక్కు పట్టుకెళ్ళండి. పొద్దున్న ఏం తింటుంది, ఏ వైపు తిరిగి పడుకుంటుంది, ఎవరి పిలుపుకి పలుకుతుంది, జ్వరం వస్తే ఏ మందు పడదు, అన్నీ అడిగి రాసుకోండి. ఏజెన్సీ వాళ్ళు ఒప్పుకుంటే, బిడ్డని ఎత్తుకున్న ఆయాతో ఒక ఫొటో తీసుకోండి. మేం ఆ రోజు రైలు టైమవుతోందని ఆఫీసు గుమ్మం దగ్గర మేం ముగ్గురమే నిలబడి తీయించుకుని వచ్చేశాం.