రఖ్మానినోవ్ రెండో పియానో కన్సర్టో: 1959దా, 1929దా?

రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ పియానోకీ ఆర్కెస్ట్రాకీ (పెద్ద వాద్యబృందానికి) కలిపి రాసిన ఈ కన్సర్టోకి రెండు రికార్డింగుల్ని పోల్చి చూస్తున్నాను. వీణ, వయొలిన్ కచేరీలు విని పెరిగిన విజయవాడ మిత్రులకైతే ముందు పియానిస్ట్ రిక్టర్ 1959 రికార్డింగే వినమంటాను. వార్సా ఆర్కెస్ట్రాతో చేసినది. మొదట్లో పియానో ఒక్కటే గుడిగంటల్లా మోగించే కార్డ్స్‌ని (ఒకేసారి పలికే కొన్ని స్వరాల్ని) ఆయన చాలా నెమ్మదిగా, ఒక్కోదానికీ బరువు పెంచుతూ వాయిస్తాడు. ఆ కాసేపు ఊపిరి బిగబట్టి వింటాం. స్టీరియో కాబట్టి వాద్యాలు విడివిడిగా తెలుస్తాయి.

1929లో స్వయంగా రఖ్మానినోవే వాయించాడు, స్టకోవ్‌స్కీ నడిపిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో. మోనో, అంటే శబ్దమంతా ఒక్కచోటి నుంచే వచ్చినట్టు ఉంటుంది, పైగా గరగర. బందరు రోడ్డు హోరులో ఫోన్ స్పీకర్ మీద వింటే ఏమీ దక్కదు, హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే. కానీ ఎంత సూటిగా వాయిస్తాడో! ఎక్కడా సాగదీయడు, ఏడిపించాలని చూడడు. ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.