స్కూల్ హద్దుల మ్యాపులు, ఒక క్లౌడ్ టూల్, ఆరేళ్ల నా అనుభవం

అమెరికాలో ఇల్లు కొనేవాళ్లు ముందు అడిగేది "ఈ ఇంటికి ఏ స్కూల్ వస్తుంది?" అనే. ఆ జవాబు చెప్పే గీత పేరు అటెండెన్స్ బౌండరీ. రకరకాల స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే స్థానిక సంస్థల) నుంచి ఆ గీతల్ని పోగుచేసి, సరిచూసి, ఏటా మార్చడం నా ఉద్యోగం. దీన్ని చాలామంది డిస్ట్రిక్ట్ హద్దుతో కలిపేస్తారు. డిస్ట్రిక్ట్ హద్దులు, జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో వారి టైగర్ అనే మ్యాపు ఫైళ్లలో ఉచితంగా దొరుకుతాయి. లోపల ఏ వీధి ఏ స్కూల్‌కి అన్నది ఆ డిస్ట్రిక్ట్ నిర్ణయం, ఆ గీత వాళ్ల దగ్గరే ఉంటుంది. దేశం మొత్తం గీతలను ఒకచోట చేర్చడానికి, విద్యా గణాంకాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఎస్ 2013-14లో, మళ్లీ 2015-16లో సర్వే చేసింది. 70 వేలకు పైగా స్కూళ్ల హద్దులు వచ్చాయి. ఆ డేటానే ఇప్పటి గీత అనుకుని వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, అదొక తలనొప్పి.

మేం వాడేది ఒక క్లౌడ్ మ్యాపింగ్ టూల్. బ్రాండ్ పేరు రాయను. నేను చెప్పేవి చాలావరకు ఈ రకం టూల్స్ అన్నిటికీ వర్తిస్తాయి.

ఇది రాకముందు అంతా ఈమెయిలే. ఒకరు పీడీఎఫ్ పంపేవారు, ఒకరు హైలైటర్‌తో గీసిన కాగితం స్కాన్ చేసి పంపేవారు. ఇంకొకరు వీధుల జాబితా పంపారు: ఫలానా రోడ్డులో బేసి నంబర్లు ఈ స్కూల్‌కి, సరి నంబర్లు ఆ స్కూల్‌కి. ఇప్పుడు ఒక్కో డిస్ట్రిక్ట్‌కి ఒక లింకు పంపుతాం. వాళ్లు బ్రౌజర్‌లో తెరిస్తే నిరుటి గీత కనిపిస్తుంది. మారిన చోట గీత జరుపుతారు, లేదంటే పిన్ పెట్టి కామెంట్ రాస్తారు. ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డవుతుంది.

ఒకసారి బస్సుల విభాగంలో పనిచేసే ఒకావిడ ఒక పిన్ పెట్టారు. "ఈ ఆరు ఇళ్లకీ మా బస్సు అవతలి నుంచే వెళ్తుంది, ఇటు వాగు మీద వంతెన లేదు" అని. మ్యాప్‌లో చూస్తే ఆ ఇళ్లు స్కూల్‌కి కూతవేటు దూరం. రోడ్డు మీద వెళ్తే చుట్టూ తిరగాలి. మేం ఆఫీసులో కూర్చుని ఎన్నేళ్లు చూసినా అది తట్టేది కాదు. టూల్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటైంది అనిపించింది అప్పుడే.

గీత గీయడం దగ్గరికి వస్తే మాత్రం అంతంత మాత్రం. పక్కపక్క స్కూళ్ల హద్దుల్ని ఇద్దరు విడివిడిగా గీస్తే, ఒకరు రోడ్డు మధ్య నుంచి పోతారు, ఇంకొకరు ఇళ్ల వెనక కంచెల వెంట పోతారు. మధ్యలో సన్నని చీలిక మిగులుతుంది. ఆ చీలికలో ఒక ఇల్లు పడిందంటే, అడ్రస్ కొట్టిన తల్లిదండ్రులకి "స్కూల్ లేదు" అని వస్తుంది, మాకు ఫోన్ వస్తుంది. బ్రౌజర్‌లో ఇవి పట్టుకోవడం కష్టం. నేను ఆ లేయర్‌ని, అంటే గీతలున్న మ్యాపు పొరని దించి, క్యూజీఐఎస్ అనే డెస్క్‌టాప్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీతల తప్పులు పట్టే టోపాలజీ చెకర్‌కి ఇస్తాను. ఖాళీలు, అతివ్యాప్తులు జాబితా కట్టి చూపిస్తుంది. దిద్ది మళ్లీ ఎక్కిస్తాను. ఎక్కించేటప్పుడు గీతలతో పాటు ఉండే పట్టికలో కాలమ్ పేర్లు ఏమాత్రం మారినా దాని మీద ఆధారపడ్డ మ్యాపులు గందరగోళం అయిపోతాయి.

కాలమ్ పేర్లంటే గుర్తొచ్చింది, షేప్‌ఫైల్ అనే పాత మ్యాపు ఫైల్ రకం. దాంట్లో కాలమ్ పేరుకి 10 అక్షరాలే చోటు. ఇంగ్లిష్‌లో ఎలిమెంటరీ అన్న మాటకి సరిగ్గా 10 అక్షరాలు. అందుకే మా "ఎలిమెంటరీ స్కూల్", "ఎలిమెంటరీ జోన్" కాలమ్స్ రెండూ తోకలు తెగి ఒకే పేరుతో దిగాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. అప్పటి నుంచి ఆ ఇబ్బంది లేని జియోప్యాకేజ్ అనే ఫైల్ రకమే వాడుతున్నాను.

ఐడీలదీ ఇదే గొడవ. ఎన్‌సీఈఎస్ స్కూల్ ఐడీకి 12 అంకెలు, మొదటి రెండూ రాష్ట్రం కోడ్. కాలిఫోర్నియాది 06. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, ఇక ఆ స్కూల్ మ్యాప్‌తో కలవదు. దిగుమతి చేసేటప్పుడే టెక్స్ట్ అని చెప్పండి.

ఖర్చు గురించి: సబ్‌స్క్రిప్షన్ ఒక లెక్క, క్రెడిట్లు (వాడకాన్ని బట్టి తరిగే పాయింట్లు) ఇంకో లెక్క. అడ్రసుల్ని మ్యాప్ మీద చుక్కలుగా మార్చిన ప్రతిసారీ క్రెడిట్లు ఖర్చవుతాయి. మొదటి ఏడాది కొత్త విద్యార్థుల అడ్రసులు మాత్రమే పంపాల్సింది పోయి మొత్తం జాబితా రెండుసార్లు పంపాను. తప్పు నాదే.

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది షేర్ బటన్. విద్యార్థుల అడ్రసులు వాళ్ల వివరాల గోప్యతని కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం కిందికొస్తాయి. హద్దుల లేయర్ అందరికీ కనపడాలి, పిల్లల చుక్కలు ఎవరికీ కనపడకూడదు. రెండూ ఒకే అకౌంట్‌లో, ఒకే రకం బటన్ కింద ఉంటాయి. అందుకే చుక్కల లేయర్ వేరే గ్రూపులో పెట్టి, షేర్ చేసే హక్కు ఇద్దరికే ఇచ్చాం.

ఇంకొకటి. క్లౌడ్‌లో ఎప్పుడూ తాజా గీతే ఉంటుంది. పాత గీత కావాలంటే మనమే దాచుకోవాలి. గీత మారినా పాత స్కూల్‌లోనే కొనసాగే పిల్లలుంటారు కాబట్టి అది తప్పకుండా కావాలి. నేను ఏటా జూలై 1న నకలు దించి, ఫైల్ పేరులో విద్యా సంవత్సరం రాసి పెడతాను.

5కి మూడున్నర ఇస్తాను. నలుగురి దగ్గర గీతలు పోగుచేయడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. పక్కన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి లేకపోతే మాత్రం కొనొద్దు. మేం ఈ ఏడాది రెన్యూవల్ చేశాం, క్రెడిట్లు తగ్గించి.