ఊరి చర్చి చరిత్ర: మిషన్ కాగితాలా, పెద్దల నోటిమాటా?

ఒంగోలు చుట్టుపక్కల మీ ఊరి చర్చి ఎప్పటిదో తేల్చాలా? దారులు రెండు.

ఖర్చు: ఇక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాత రిపోర్టులు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితం. పెద్దల దగ్గరికైతే బస్సు చార్జీ, ఒక పూట.

శ్రమ: రిపోర్టుల్లో ఊరి పేరు పట్టుకోవడమే పెద్ద పని. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి అక్కడ 'వెలుంపిల్లి' అయి కూర్చుంటుంది. పెద్దలతో ఆ గొడవ లేదు. కాకపోతే అసలు విషయానికి వచ్చేసరికి రెండు టీలు అయిపోతాయి.

తేదీల్లో కాగితాలదే పైచేయి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. 1878 జులై 3న వెల్లంపల్లి రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంత కచ్చితంగా చెప్పగలిగేది వాటివల్లే. పెద్దలు 'ధాత కరువప్పుడు' అంటారు, అది 1876-78 అని మనమే లెక్క కట్టుకోవాలి.

రిస్క్: రిపోర్టులు అమెరికాలో చందాలిచ్చేవాళ్ల కోసం రాసినవి. ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర కనిపించినంతగా ఊరూరా నడిచిన మన బోధకులు కనిపించరు. నోటిమాటలో తాతల గొప్పలు కలుస్తాయి.

సంవత్సరం కావాలంటే కాగితాలు. మొదటి ప్రార్థన పాక ఎవరి దొడ్లో వేశారో తెలియాలంటే పెద్దలు. ఊళ్లో ఎనభై దాటినవాళ్లుంటే మాత్రం ముందు అటే వెళ్లండి.