పియా కేర్స్‌గోర్ పార్టీ: బయటి నుంచి మద్దతు మేలా, మంత్రి పదవులు మేలా?

బయటి నుంచి మద్దతు మనకు తెలిసిన వ్యవహారమే. 1999లో తెలుగుదేశం 29 మంది ఎంపీలతో వాజ్‌పేయి ప్రభుత్వానికి అలాగే మద్దతిచ్చింది. మంత్రి పదవులు తీసుకోలేదు, లోక్‌సభ స్పీకర్‌గా మాత్రం బాలయోగి ఉన్నారు. డెన్మార్క్ జాతీయవాద నాయకురాలు పియా కేర్స్‌గోర్ గురించి చదివితే నాకు అదే గుర్తొస్తుంది.

ఆమె వృద్ధుల ఇళ్లకు వెళ్లి సాయం చేసే ఉద్యోగం చేసేవారు. ఆదాయపు పన్నే వద్దన్న గ్లిస్ట్రుప్ పార్టీలో చేరారు. పన్నుల కేసులో ఆయన జైలుకెళ్లాక, 1984లో ఆయన పార్లమెంటు సీటు ఈమెకు దక్కింది. ఆ పార్టీ 1973లో ఒక్కసారిగా 28 సీట్లు గెలిచినా ఎవరితోనూ కలవలేక చిక్కిపోయింది. అరుపులతో సరిపెట్టే ఆ దారి ఎటు పోతుందో ఆమె దగ్గరుండి చూశారు. 1995లో బయటికొచ్చి డేనిష్ పీపుల్స్ పార్టీ పెట్టారు.

2001లో ఆ పార్టీకి 22 సీట్లు వచ్చాయి. 179 మంది ఉండే పార్లమెంటులో అప్పటి ప్రధాని ఫోగ్ రాస్ముసెన్ ప్రభుత్వం వాళ్ల మద్దతు లేకుండా నడవదు. ఆమె మంత్రి పదవి అడగలేదు, బడ్జెట్ వచ్చినప్పుడల్లా బేరం పెట్టారు. బయటి దేశం నుంచి భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఇద్దరికీ 24 ఏళ్లు నిండాలన్న 2002 నిబంధన ఆ రోజుల్లోనే వచ్చింది. ఎన్నో కొత్త జంటలను విడదీసిన ఆ నిబంధన అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కానీ ఎత్తుగడగా చూస్తే, పదేళ్ల పాటు బయటి మద్దతు ఆ పార్టీకి మంత్రి పదవుల కంటే ఎక్కువే ఇచ్చింది. ప్రభుత్వం మీద వచ్చే కోపం ప్రధాని ఖాతాలో పడేది, పని జరిగిన పేరు ఈమెకు దక్కేది.

2015కి లెక్క మారింది. 2012లో ఆమె నాయకత్వం అప్పగించిన థూలెసెన్ డాల్ 37 సీట్లు తెచ్చారు. ప్రధాని అయిన లార్స్ లోకె రాస్ముసెన్ పార్టీకి వచ్చినవి 34. పియా పార్టీ వాళ్లు తమకంటే చిన్న పార్టీని గద్దె మీద కూర్చోబెట్టి తాము బయట ఉండిపోయారు. పియాకు స్పీకర్ కుర్చీ వచ్చింది. నా దృష్టిలో పొరపాటు ఇక్కడే జరిగింది. 22 సీట్లున్నప్పుడు బయట ఉంటే బేరం బాగా సాగుతుంది. 37 సీట్లు ఇచ్చిన ఓటరు మాత్రం, ఇంకా బయటే ఎందుకున్నారని అడుగుతాడు. దానికి వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది. ఈలోగా వామపక్షం వైపు ఉండే సోషల్ డెమొక్రాట్లు కూడా వలసల మీద కఠినంగా మాట్లాడటం మొదలుపెట్టారు. బాధ్యత తీసుకోని పార్టీకే ఓటు వేయాల్సిన అవసరం చాలామందికి కనిపించలేదు.

మంత్రులైతే ఓట్లు పోయేవి కావా? కొన్ని పోయేవే. అయినా చేతిలో ఒక శాఖ, చూపించడానికి సొంత పని ఉండేవి. బయట ఉండి వాళ్లు కాపాడుకున్నది 2019లో 16 సీట్లు, 2022లో 5.