ఎంథాల్పీ మార్పును లెక్కించడానికి ఏది మేలు: ఫార్మేషన్ విలువలా, బంధ విలువలా?

హైదరాబాద్‌లో ఇంటర్మీడియట్ చదువుతూ ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులను ఉష్ణగతిక శాస్త్రంలో తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది: ఒకే చర్యలో వెలువడే లేదా గ్రహించే వేడికి, అంటే స్థిర పీడనం వద్ద ఎంథాల్పీ మార్పుకు, రెండు పద్ధతుల్లో రెండు వేర్వేరు జవాబులు వస్తే దేన్ని నమ్మాలి?

నగరంలో కొన్ని అపార్ట్‌మెంట్లకు గొట్టాల ద్వారా వచ్చే వంటగ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ మండడాన్నే తీసుకుందాం: ఒక మోల్ మీథేన్ రెండు మోల్‌ల ఆక్సిజన్‌తో కలిసి ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్‌ను, రెండు మోల్‌ల నీటిని ఇస్తుంది. ఫార్మేషన్ ఎంథాల్పీలు (మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పటి ఎంథాల్పీ మార్పులు) మోల్‌కు కిలోజౌళ్లలో మీథేన్‌కు −74.8, కార్బన్ డయాక్సైడ్‌కు −393.5, ద్రవ నీటికి −285.8, ఆక్సిజన్‌కు సున్నా. క్రియాజన్యాల మొత్తం నుంచి క్రియాజనకాల మొత్తాన్ని తీసివేస్తే −890.3 వస్తుంది. బంధాల పద్ధతిలో నాలుగు కార్బన్–హైడ్రోజన్ బంధాలను (413), రెండు ఆక్సిజన్ ద్విబంధాలను (498) తెంచడానికి 2648 కావాలి. కార్బన్ డయాక్సైడ్‌లోని రెండు ద్విబంధాలు (799), నాలుగు ఆక్సిజన్–హైడ్రోజన్ బంధాలు (463) ఏర్పడితే 3450 విడుదలవుతుంది. కనుక జవాబు −802. ఈ 88 తేడా లెక్కలో తప్పు కాదు. బంధ ఎంథాల్పీలు వాయుస్థితికే వర్తిస్తాయి, నీటి ఆవిరి ద్రవమయ్యేటప్పుడు మోల్‌కు సుమారు 44 వెలువడుతుంది, ఇక్కడ రెండు మోల్‌లున్నాయి. ఫార్మేషన్ పద్ధతిలోనూ ఆవిరి విలువ −241.8 వాడితే −802.3 వస్తుంది.

అంతమాత్రాన రెండూ సమానమని అనలేను. 799 కార్బన్ డయాక్సైడ్‌కే ప్రత్యేకమైన విలువ; దాని స్థానంలో కార్బన్–ఆక్సిజన్ ద్విబంధపు సాధారణ సగటు 745 వేస్తే జవాబు −694కు పడిపోతుంది. బెంజీన్ విషయంలో లోపం మరింత స్పష్టం: మూడు విడి ద్విబంధాలున్నట్లు భావిస్తే హైడ్రోజనీకరణ ఎంథాల్పీ (హైడ్రోజన్‌ను చేర్చేటప్పటి ఎంథాల్పీ మార్పు) సుమారు −360 ఉండాలి, కానీ కొలిస్తే తేలేది −208, ఎందుకంటే రెజొనెన్స్ (ద్విబంధాల ఎలక్ట్రాన్లు వలయమంతటా పరుచుకోవడం) ఇచ్చే స్థిరత్వాన్ని సగటు బంధ విలువలు పట్టుకోలేవు.

అందువల్ల పట్టికలో విలువలున్నప్పుడు నా ఓటు ఫార్మేషన్ పద్ధతికే. దాని వెనుక ఉన్నది 1840లో హెస్ చెప్పిన నియమం: చర్య ఏ దారిలో జరిగినా మొత్తం ఎంథాల్పీ మార్పు ఒకటే. కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడే వేడిని విడిగా కొలవడం కష్టమైనా, కార్బన్ పూర్తిగా మండినప్పటి −393.5 నుంచి కార్బన్ మోనాక్సైడ్ మండినప్పటి −283.0ను తీసివేసి −110.5 అని రాబట్టగలిగేది ఆ నియమం వల్లే. అయితే వేడి ఎందుకు వెలువడుతుందో కళ్లకు కట్టేది బంధాల లెక్కే కాబట్టి, నేర్చుకునేవారు దాన్ని వదిలిపెట్టకూడదు.

జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో తయారయ్యే కొత్త అణువుకు పట్టిక విలువే ఉండకపోవచ్చు. అక్కడ బంధాల లెక్క తొలి అంచనాకు పనికొస్తుంది కానీ, ద్రావణి ప్రభావాన్ని అది చెప్పలేదు గనుక పెద్ద రియాక్టర్‌కు వెళ్లే ముందు వేడిని కొలిచే పరికరమైన కెలోరీమీటర్‌లో కొలవవలసిందే.