స్పెషల్ పిల్లల టీచర్లకి ఆర్ట్ ట్రైనింగ్: డబ్బులు పెట్టి వెళ్ళొచ్చా?

5కి మూడున్నర ఇస్తున్నా, మిగతా ఒకటిన్నర ఎక్కడ కోశానో కూడా చెప్తా. నేను భవిత సెంటర్‌లో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రంలో, ఐఈఆర్‌పీని (ఆ పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్ని). సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టు వాళ్ళు పెట్టిన వర్క్‌షాప్ ఇది, ఆర్‌సీఐ (స్పెషల్ టీచర్లకి రిజిస్ట్రేషన్ ఇచ్చే కౌన్సిల్) సీఆర్ఈ పాయింట్ల కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ, అందులో తప్పేం లేదు లెండి, ఆ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఇలాంటి ట్రైనింగుల పాయింట్లు కావాలి కదా.

మొదటి పూట మాత్రం దండగ. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు, 2016 చట్టంలో 21 అంటూ పీపీటీ, అదీ మొత్తం ఇంగ్లీషులో. స్పెషల్ బీఈడీ చేసినవాళ్ళని నిద్రలో లేపి అడిగినా చెప్తారు ఇవి. మామూలు స్కూల్ టీచర్లకి చెప్పాల్సిందే, కాదనను, కానీ తెలుగులో చెప్పాలి కదండీ, నా పక్కన ప్రైమరీ స్కూల్ ఎస్‌జీటీ మేడం పాపం స్లైడ్లకి ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నారు.

మధ్యాహ్నం నుంచి అసలు సంగతి మొదలైంది. ట్రైనర్ మేడం మా కళ్ళకి గంతలు కట్టి తలా ఒక అట్టముక్క చేతిలో పెట్టారు. ఫెవికాల్‌తో ముగ్గు గీసి, తడి ఆరకముందే బొంబాయి రవ్వ చల్లి ఆరబెట్టిన అట్ట అది. వేలు గీత వెంట పోతుంటే మలుపులు తెలుస్తున్నాయి గానీ గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట అంతా కలగాపులగం, నేను తామరపువ్వుని చేప అన్నాను. గంతలు విప్పాక ఆవిడ చెప్పింది ఒక్కటే, చూపులేని పిల్లలకి బొమ్మ ఇచ్చేటప్పుడు లోపలి వివరాలు తీసేయండి, బయటి గీత చాలు అని. అదే అట్ట మీద త్రిభుజం, చతురస్రం వేస్తే లెక్కల క్లాసు అయిపోతుంది.

సీపీ (సెరిబ్రల్ పాల్సీ, కండరాల కదలిక అదుపులో ఉండని) పిల్లల కోసం బ్రష్ పిడికి పాత సైకిల్ ట్యూబ్ చుట్టి లావు చేయడం, పేపర్ జరక్కుండా బల్లకి టేప్ వేయడం, తడి రంగు చేతికి తగిలితే గోల పెట్టే ఆటిజం పిల్లలకి రంగుని జిప్ కవర్లో పోసి పైనుంచి నొక్కనివ్వడం, వినపడని పిల్లల చేత డప్పు మీద అరచెయ్యి పెట్టించి దెబ్బలు లెక్కపెట్టించడం, ఇవన్నీ మా చేత చేయించారు. ప్రతిదానికీ "ఐఈపీలో ఏ గోల్ కోసం ఇది?" అని అడిగేవారు (ఐఈపీ అంటే ఒక్కో పిల్లాడికి విడిగా రాసుకునే చదువు ప్లాన్), జవాబు లేకపోతే ఆ యాక్టివిటీ పక్కన పెట్టించేవారు. నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర ఈ పిల్లలకి ఆర్ట్ అంటే డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం రోజు, ఒక డ్యాన్సు, ఫ్లెక్సీ ముందు ఫోటో, అంతేగా.

పప్పెట్స్‌ని మాత్రం హడావిడిగా లాగించేశారు. అవి సరిగ్గా నేర్చుకోవాలంటే మాదాపూర్‌లో సీసీఆర్‌టీ (టీచర్లకి కళల్లో ట్రైనింగ్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉంది, చదువులో పప్పెట్రీ మీద టీచర్లకి వాళ్ళు విడిగా వర్క్‌షాపులు పెడతారు, కనుక్కోండి.

ఇంకో పెద్ద లోటు, బడికి రాలేక ఇంటి దగ్గరే నేర్చుకునే హోమ్ బేస్డ్ పిల్లల ఊసే లేదు. మంచం దిగలేని పాపతో ఏం చేయించాలి అని అడిగితే అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుంది అన్నారు, అంటే మళ్ళీ ఫీజు. ఆఖర్లో కిట్ కొనమని ఒకటే పోరు. కొనకండి, అన్నీ కిరాణా కొట్లో, స్టేషనరీలో దొరికేవే. ఆ డబ్బుతో ఏటికొప్పాక లక్కబొమ్మలు నాలుగు తెచ్చుకోవడం నయం, చెట్ల నుంచి తీసిన రంగులు వాడినవి అడిగి తీసుకోండి.

వెళ్ళేవాళ్ళు మీ క్లాసులో ఒక పిల్లాడి ఐఈపీ కాపీ, పేరు కొట్టేసి, పట్టుకెళ్ళండి. దాని మీద అడిగితే ట్రైనర్ ఓపిగ్గా చెప్తారు. భోజనం బాగుంది, గోంగూర పచ్చడి రెండోసారి అడిగినా విసుక్కోలేదు.